మూడో గోతి మట్టి

రంగుల కంపెనీ మేనేజరుకు ఆ తొట్టిని కాలితో తన్నాలనే ఉంది. కానీ అందులో ఇద్దరు మనుషుల బరువు రంగుముద్ద ఉంది, తన్నితే విరిగేది ఆయన కాలే. అందుకని నలుగురు మోతగాళ్లను పిలిచి, ఆడవాళ్లందరి కళ్లెదుటా దాన్ని వాకిట్లో బోర్లా వంపించాడు.

అది ఎర్రగా ఉండాల్సిన రంగు. మంజిష్ఠ వేరును సన్నసెగ మీద కాచి, పటిక నీళ్లు పోసి, తేర్చిన తెల్లమట్టి కలిపి, సోడా వేస్తే, వేరులోని ఎరుపు నీళ్లను వదిలేసి మట్టిని పట్టుకుంటుంది. ఆ మట్టిని గుడ్డలో వడగట్టి, నీడన ఆరబెట్టి, పిండి చేస్తే రంగు. ఆ ఊళ్లో ఏ ఆడమనిషిని నిద్రలో లేపి అడిగినా ఇదంతా చెబుతుంది. కానీ వాకిట్లో పడిన ముద్ద ఎర్రగా లేదు. మానుతున్న పుండు మీది పెచ్చులా, నల్లగానూ కాక ఊదాగానూ కాక ఉంది.

"మూడో తొట్టి!" అని అరిచాడు మేనేజరు. "వారంలో మూడో తొట్టి! ఎవతి చేసింది ఈ పని?"

ఆయన ఒక్కొక్కళ్ల తల వైపూ చూశాడు.

"ఇనుము తగలందే ఎరుపు చావదు. మీలో ఎవతో పిన్నీసు పెట్టుకుని లోపలికొచ్చింది. జడలు విప్పండి. అందరూ!"

ఎరుపుకు ఇనుము శత్రువు. అక్కడ పనికి చేరిన వాళ్లకు మొదటిరోజు చెప్పేది అదే. గేటు దగ్గర ఒక బుట్ట ఉంటుంది. పిన్నీసులు, జడపిన్నులు, తాళంచెవులు అన్నీ అందులో వేసి లోపలికి రావాలి. బకెట్లు ప్లాస్టిక్‌వి, గరిటెలు చెక్కవి, కాగులు రాగివి. తెల్లమట్టి తవ్వే గోతుల్లో కూడా చెక్కపారలే. ఇన్నేళ్లుగా ఇంత ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసిన ముప్పైమంది ఆడవాళ్లను ఎండలో వరసగా నిలబెట్టి, జుట్లు విరబోయించి, వాచ్‌మన్ చేత నోళ్లు కూడా తెరిపించి వెతికించాడు ఆ పెద్దమనిషి. ఒక ముసలామె నోట్లో ఏదో తళుక్కుమంది.

"అదేంటి?"

"పన్ను బాబూ. పుచ్చిపోతే డాక్టరు కట్టాడు."

"రేపట్నుంచి రావద్దు."

పాతికేళ్లు అక్కడ పనిచేసిన ఆ మనిషి, విప్పిన జుట్టు ముడేసుకోవడం కూడా మరిచిపోయి గేటువైపు నడిచి వెళ్లింది. ఆపడానికి ఒక్క చెయ్యి లేవలేదు. అప్పటికి అక్కడ ఎవరికీ ఎవరూ లేరు.

వరసలో చివర నిలబడి తేటక్క ఇదంతా చూసింది. ఆమెకు ఆ పేరు పని వల్ల వచ్చింది. తవ్వి తెచ్చిన తెల్లమట్టిని నీళ్లలో కలిపి, ఇసకంతా అడుక్కి దిగాక పైనున్న పాలలాంటి నీళ్లను వేరే తొట్టిలోకి వంచి, అవి తేరుకునేదాకా కాపలా కాయడం ఆమె పని. తేరుకునే తొట్టిని ఎవరూ ముట్టుకోకూడదు, పక్కన గట్టిగా అడుగు కూడా వేయకూడదు. కదిలిందంటే ఇసక మళ్లీ లేస్తుంది. ఇరవయ్యేళ్లుగా ఆమె తొట్టి కదల్లేదు. ఆ విషయంలో ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది, దాచిపెట్టడం ఎందుకు.

ఆరోజు మాత్రం ఆమె తల ఎత్తలేకపోయింది. మేనేజరుకు తెలియని సంగతి ఒకటి ఆమెకు తెలుసు. చెడింది మూడు తొట్లు కాదు. ఐదు.

మొదటి రెండింటినీ ఆమే బాగుచేసింది. పది రోజుల కిందట తేరుకున్న మట్టి మీద సన్నగా, ఉందా లేదా అన్నట్టు, పసుపు జీర కనిపించింది. ఇంకొకళ్లయితే చూసేవాళ్లు కాదు. ఎవరిదో పిన్నీసు పడి ఉంటుంది, తెలిస్తే ఆ పిల్ల పని పోతుంది అనుకుని, చప్పుడు చేయకుండా నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో ఆ మట్టిని మూడుసార్లు కడిగింది. పచ్చటి నీళ్లు దిగాయి. కాలవలో పారబోసింది. మట్టి మళ్లీ తెల్లబడింది. నా చేతిలో పడ్డాక ఏ మట్టయినా దారికి రావాల్సిందే అనుకుంది కూడా.

ఆ రోజుల్లో పనిలో తల దూర్చకపోతే ఆమె బతకలేకపోయేది. చేతులు ఖాళీగా ఉంటే ధ్యాస తమ్ముడి మీదికి పోయేది. తమ్ముడు మూడో గోతిలో మట్టి తవ్వేవాడు. మనిషి ఎత్తు చూసి అందరూ పొడుగోడు అనేవాళ్లు. నలభై రోజుల కిందట మూడో గొయ్యి ఒక పక్క విరిగి పడింది. ఆ సాయంత్రం పొడుగోడు ఇంటికి రాలేదు.

"వాడా?" అన్నాడు గోతుల కంట్రాక్టరు. "వాడు ముందురోజే చెప్పాపెట్టకుండా పని మానేశాడు. గోతిలో ఎవ్వరూ లేరు, దేవుడి దయ. ఎవత్తెతోనో లేచిపోయి ఉంటాడు, మీరే కనుక్కోండి."

ఊరు సగం నమ్మింది. పొడుగోడు నవ్వుతూ తుళ్లుతూ తిరిగే మనిషి, ఎదురుపడిన ప్రతి ఆడపిల్లనీ వరస పెట్టి ఆటపట్టించేవాడు. అలాంటివాడి మీద ఏది చెప్పినా అతుకుతుంది. అతని పెళ్లాం పూర్తిగా నమ్మింది. పిండిగదిలో రంగు పిండికొట్టే ఆ పిల్ల తేటక్కకు మరదలే కాదు, కూతురితో సమానం. మొగుడి చొక్కాలన్నీ గోనెసంచిలో కుక్కి వీధిలో పెట్టేసింది. "మీ తమ్ముడి ఊసు నా దగ్గర ఎత్తొద్దు వదినా," అంది. ఏడవలేదు. ఏడవడానికి చచ్చిపోలేదు కదా అంది.

కానీ తేటక్క తొట్టి దగ్గర వాడు ఉన్నాడు. ఎలా అని అడక్కండి. రోజూ పని దిగాక వాడు కాలవలో కాళ్లు కడుక్కుని, అక్క వెనక చేరి మెడ మీద నాలుగు చుక్కలు చిలకరించి పారిపోయేవాడు, ముప్పయ్యేళ్లు నిండినా. ఈ నలభై రోజులూ ఆమె మెడ మీద తడి తగులుతూనే ఉంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. మెడ తడుముకుంటే పొడిగా ఉండేది. కాలవలో నీళ్లు మాత్రం ఎవరో ఇప్పుడే కాలు తీసినట్టు కదిలేవి.

ఈ సంగతి ఆమె ఒక్క కాగు తాతకే చెప్పింది. యాభయ్యేళ్లుగా వేరు కాచే ముసలాయన. ఆయన నవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే కాగు తాత ఆమెను పొయ్యిల దగ్గరికి పిలిచాడు. గట్టు మీద మూడు రాగిగిన్నెలు పెట్టి ఉన్నాయి. ఒకే కాగులోని ఎరుపు మూడింట్లో పోశాడు. మూడు గోతుల మట్టినీ ఒక్కొక్క ముద్ద చొప్పున వేశాడు.

"చూడు," అన్నాడు.

మొదటి గిన్నెలో మట్టి ఎర్రబడింది. రెండోదీ ఎర్రబడింది. మూడోది, వాళ్లు చూస్తుండగానే, అంచుల నుంచి లోపలికి నల్లబడుతూ పోయింది.

"దీనికి ఏ ఆడదాని జడపిన్నూ తగల్లేదు. నేనే పొద్దున మూడో గోతి దగ్గరికెళ్లి తువ్వాల్లో కట్టి తెచ్చా."

"మట్టి తోసే యంత్రం ఇనుమేమో తాతా. పదిహేను రోజుల్నించీ మళ్లీ తవ్వుతున్నారుగా."

"యంత్రం తీసేది పైమట్టి. తెల్లపొరని తీసేది చెక్కపారలే. అయినా పిన్నీసు పడితే గరిటెడు రంగు చెడుద్ది. యంత్రం గీసుకుంటే ఒక బుట్టెడు మట్టి చెడుద్ది. తొట్లకి తొట్లు ఇట్టా అయిపోవాలంటే ఓ గునపమంత ఇనుము తడిమట్టిలో కూరుకుపోయి, రోజూ తుప్పు పడుతూ ఉండాలమ్మా."

"గోతిలోకి గునపం రానివ్వరు కదా."

"రానివ్వరు," అన్నాడు తాత. మూడో గిన్నె వైపే చూస్తున్నాడు. "రానివ్వకూడదు."

తేటక్క గట్టు పట్టుకుని కూర్చుంది. "తాతా, చెడింది మూడు తొట్లు కాదు. ఐదు. రెండు నేను నిమ్మ ఉప్పేసి కడిగేశా. పచ్చటి నీళ్లొచ్చాయి. కాలవలో పోసేశా."

ముసలాయన మూడో గిన్నెను పక్కకు జరిపాడు. "పనిమంతురాలివి," అన్నాడు. అందులో మెప్పు లేదు, తిట్టూ లేదు.

అక్కణ్నించి ఆమె నేరుగా బక్కోడి ఇంటికి వెళ్లింది. బక్కోడు గోతిలో పొడుగోడికి జత. వాడు తవ్వితే వీడు బుట్ట మోసేవాడు. గొయ్యి విరిగిన రోజు నుంచి పనికి పోవడంలేదు. ఒంట్లో బాలేదని చెబుతున్నాడు. వెళ్లేసరికి వంటగది మూలలో కూర్చుని పుల్లతో గోళ్లు గీక్కుంటున్నాడు. గోళ్లలో ఏమీ లేదు.

"నాకేం తెలీదక్కా," అన్నాడు తలుపు చప్పుడుకే.

"నేనింకా ఏమీ అడగలేదు కదరా."

అంతే, వాడు భోరుమన్నాడు. ఆమె వాడి పక్కనే నేల మీద కూర్చుంది, వాడు తేరుకునేదాకా ఆగింది.

"కంట్రాక్టరు గునపాలిచ్చాడక్కా," అన్నాడు బక్కోడు. "పొర గట్టిగా ఉంది, చెక్కపారతో పని సాగట్లేదు, సరుకు కొనేవాళ్లొస్తున్నారు, తొందర తొందర అన్నాడు. మట్టి కూలకుండా వదిలేసిన దిమ్మెలున్నాయే, వాటిని కూడా తొలవమన్నాడు. వాటిల్లోనే తెల్లటి సరుకంతా అని. పొడుగోడు వద్దన్నాడు. వద్దంటూనే దిగాడు. దిగనోణ్ని పన్లో ఉంచడుగా. నేను బుట్టెత్తుకుని పైకొచ్చా. వెనక్కి చూస్తే గొయ్యి లేదు."

"తర్వాత?"

"తర్వాత చప్పుడొచ్చింది."

గోతిలో ఊరే నీళ్లను పైకి తోడడానికి లావుపాటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఉంది. గోతి అడుగు నుంచి పైకొచ్చి, తొట్ల పక్కగా పోయి కాలవలో కలుస్తుంది.

"ఆ గొట్టాన్ని కొడుతున్నాడక్కా, గునపంతో. మూడు దెబ్బలు. ఆగి, మళ్లీ మూడు. ఎక్కడో కాస్త సందు మిగిలినట్టుంది. తవ్వుదాం అన్నాం ఆరుగురం. కంట్రాక్టరు అడ్డం నిలబడ్డాడు. తవ్వితే దిమ్మెలు తొలిచింది బయటపడుద్ది, గోతులన్నీ మూసేస్తారు, మొత్తం ఊరి నోట్లో మట్టి కొడతారా అన్నాడు. మేం నోరు మూసుకున్నాం. వాడు యంత్రాన్ని రప్పించి పైమట్టి నెట్టించాడు."

"ఎంతసేపు కొట్టాడురా?"

"మధ్యాహ్నం గంట కొట్టేదాకా."

ఆ పొద్దు తేటక్కకు మొత్తంగా గుర్తొచ్చింది.

ఆ పొద్దున ఆమె తొట్టిలో నీళ్లు తేరుకుంటున్నాయి. పక్కనున్న గొట్టం టక్ టక్‌మంటోంది. అది తొట్టి గోడకు ఆనుకుని ఉండటంతో నీళ్ల మీద సన్నటి అలలు లేస్తున్నాయి. "పంపులో రాయి పడ్డట్టుందే," అంది పక్క తొట్టి పిల్లతో. మేస్త్రీకి చెబుదామనుకుంది, తొట్టి వదిలి పోకూడదని ఊరుకుంది. అలలు ఆగకపోతే ఇసక లేస్తుంది. అందుకని ఒక గోనెపట్ట మడిచి, గొట్టానికీ తొట్టికీ మధ్య కుక్కింది. చప్పుడు తగ్గింది. నీళ్లు చక్కగా తేరుకున్నాయి.

ఆ మాట ఆమె బక్కోడితో చెప్పలేదు. ఎవరితోనూ చెప్పలేదు. "రేపు మధ్యాహ్నం ఆరబెట్టే షెడ్డు దగ్గరికి రా," అని మాత్రం అంది. "రాకపోతే నిన్నేమీ అనను. కానీ ఆ గోళ్లు మాత్రం నీకెప్పటికీ శుభ్రం కావు."

మర్నాడు తిండి గంట కొట్టగానే షెడ్డు నిండిపోయింది. తడకల మీద ఎరుపు, నీలం, పసుపు బిళ్లలు ఆరుతున్నాయి. ఆ రంగులు మీరు చూసే ఉంటారు. పొట్లం మీద ఆకుపచ్చ అక్షరాలతో, నేలతల్లిని నొప్పించని రంగులు అని రాసి ఉంటుంది. అదేమీ అబద్ధం కాదు. వేరూ ఆకూ మట్టీ తప్ప అందులో ఇంకేమీ ఉండదు. అవి చేసినవాళ్ల సంగతి మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

కాగు తాత మూడు గిన్నెలూ అందరి ముందూ పెట్టి చెప్పాడు. తేటక్క కూలిన గొయ్యి సంగతి చెప్పింది. గొట్టం దగ్గరికొచ్చేసరికి ఆమె తాత వైపు చూసింది. బక్కోడు చెప్పిందంతా ఆమె దగ్గర ముందే విన్న తాత అందుకుని ముగించాడు.

షెడ్డంతా ఒక్కసారిగా లేచింది.

"పోలీసుల దగ్గరికి పోదాం!"

"పోలీసులు తిరిగేదే కంట్రాక్టరు జీపులో. ఎవడి దగ్గరికి పోతావ్?"

"వాడు పోయాడు సరే. గొయ్యి మూసేస్తే మనం ఏం తినాలి? ముగ్గురు పిల్లలున్నారు నాకు. నన్ను తిట్టండి, తిట్టినా ఇదే అంటా."

"రేపు నాలుగో గోతిలో నీ మొగుడే దిగుతాడు. చేతికి గునపమే ఇస్తారు. అప్పుడూ ఇదే అంటావా?"

"నిన్న ఆ ముసలామెని పంపేస్తుంటే ఒక్కరైనా నోరెత్తారా? ఇవ్వాళ చచ్చినోడి కోసం ఎత్తుతారంటే నమ్మాలా?"

అప్పుడు లేచింది మరదలు. పిండిగది నుంచి వచ్చినట్టే వచ్చింది, కనుబొమల దాకా ఎర్రటి పొడి.

"అంతా అబద్ధం," అంది. "ఆయన నన్నొదిలేసి పోయాడు. నాకది అలవాటైపోయింది. ఇప్పుడొచ్చి చచ్చాడంటారా? ఎవరు చూశారు? గిన్నెలో మట్టి చెప్పిందా? వదినా, నీకు నీ తమ్ముడి మీద పిచ్చి. నన్ను దాంట్లోకి లాగకు."

"మట్టి కాదు, నేను చెబుతున్నా."

షెడ్డు తలుపు దగ్గర బక్కోడు నిలబడి ఉన్నాడు. జనం దారి ఇచ్చారు. వాడు ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు గాని ముఖంలోకి చూడలేదు.

"మూడు దెబ్బలు చెల్లీ. ఆగి, మళ్లీ మూడు. గంట కొట్టేదాకా. నేను విన్నా. విని ఇంటికెళ్లి పడుకున్నా."

ఆమె వాడిని కొడుతుందనుకున్నారు అందరూ. కొట్టలేదు. రెండు చేతుల్తో మొహం తుడుచుకుంది. ఎర్రపొడి చెంపల నిండా అయింది.

"నలభై రోజులు," అంది. "నలభై రోజులు పొద్దున లేస్తే ఆయన్ని తిట్టుకుంటూ లేచాను. చొక్కాలు వీధిలో పెట్టాను." చుట్టూ చూసింది. గోడకి ఆనించిన చెక్కపార ఒకటి చేతిలోకి తీసుకుంది. "మీరు మాట్లాడుకుంటూ ఉండండి. నేను పోయి మా ఆయన్ని తెచ్చుకుంటా."

ఆ పిల్ల బయటికి నడిచింది. వెనకే తేటక్క, కాగు తాత, బక్కోడు. ఆ తర్వాత ముగ్గురు పిల్లల తల్లి, తిట్టుకుంటూనే, తినే డబ్బా చంకలో పెట్టుకుని. వెనక్కి తిరిగి చూసేసరికి షెడ్డులో ఆరుతున్న రంగులు తప్ప ఎవరూ మిగల్లేదు.

యంత్రం నడిపేవాడు జనాన్ని చూడగానే తాళంచెవి జేబులో వేసుకుని దిగిపోయాడు. తవ్వేవాళ్లు ముందు దిగారు. ఆడవాళ్లు గోతి అంచు దాకా వరసకట్టి బుట్టలు అందుకున్నారు. గొయ్యి పెద్దది. విరిగిపడిన మట్టి ఇంటెత్తున ఉంది. ఎక్కడని తవ్వాలి? కంట్రాక్టరు అంచు మీద నిలబడి, తవ్వుకోండి, వారం రోజులు తవ్వుకోండి అని నవ్వాడు.

తేటక్క గోతిలోకి దిగింది. గోడకు ముఖం ఆనించినంత దగ్గరగా పోయి చూసింది. మీకూ నాకూ అది వట్టి తెల్లమట్టి. ఆమెకు కాదు.

"ఇక్కడ పసుపుంది," అంది. "పల్చగా."

పక్క తొట్టి పిల్ల కూడా దిగింది. "అవునక్కా. కిందికి ముదురుతోంది."

ఒక్కొక్కళ్లే దిగారు. తేర్చేవాళ్లు, వడగట్టేవాళ్లు, పిండికొట్టేవాళ్లు. వందరకాల తెలుపుల్లో తేడా పట్టగల కళ్లు అవి. ఇన్నేళ్లుగా ఆ కళ్లను కంపెనీ వాడుకుంది. మొదటిసారి అవి వాళ్ల సొంత పనికి వచ్చాయి. "ఇటు తేలింది, ఇటొద్దు." "ఇక్కడ గోధుమరంగు." "ఎడమకి, ఎడమకి, ఇంకా ముదిరింది." వాళ్లు చెప్పినచోటల్లా పార పడింది. అంచు మీద కంట్రాక్టరు నవ్వు ఆగిపోయింది. మేనేజరు వచ్చాడు. ఆయనకి అక్కడ రంగేమీ కనిపించలేదు. జీపు నిండా పోలీసులు వచ్చారు.

"పైకి రండి!" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు. "ఇది కంపెనీ స్థలం. గొయ్యి కూలితే ఎవరిది బాధ్యత?"

"నలభై రోజుల కిందట కూలినప్పుడు ఎవరిదో ముందు చెప్పండి సార్," అంది ముగ్గురు పిల్లల తల్లి. బుట్ట మాత్రం ఆపలేదు.

పోలీసులు దిగడానికి వెనకాడారు. గోడలు నెర్రెలు విచ్చి ఉన్నాయి. గోతిలో ఉన్నవాళ్లకు ఆ భయం లేదని కాదు. వాళ్లకు అది రోజూ ఉండేదే.

పొద్దు వాలుతుండగా మట్టి తుప్పు ఎరుపుకు తిరిగింది. తేటక్క పారలన్నీ ఆపించింది. చేతుల్తో తీశారు. ముందు గునపం కనిపించింది. దాని మీద ఒక చెయ్యి. మట్టి చల్లగా, గట్టిగా, అతన్ని అలాగే పట్టుకుని ఉంచింది. మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, గొట్టానికి చెవి ఆనించి కూర్చుని ఉన్నాడు. అవతలి నుంచి ఎవరైనా మళ్లీ కొడతారేమోనని.

మరదలు అతని ముందు కూర్చుంది. కళ్ల మీది మట్టిని వేలితో తీసింది.

"ఇంత పొడుగు మనిషివి," అంది, "ఇంత చోటులో ఎట్లా సర్దుకున్నావయ్యా?"

పోలీసులు కూడా టోపీలు తీశారు. అది కాసేపే. మనిషిని పైకి తెచ్చి పడుకోబెట్టగానే టోపీలు మళ్లీ తలల మీదికి ఎక్కాయి. చొరబాటు, ఆస్తి ధ్వంసం, జనాన్ని రెచ్చగొట్టడం అని చెప్పి తేటక్కనీ, కాగు తాతనీ, బక్కోడినీ జీపెక్కించారు. కంట్రాక్టరు తన బండిలో తాను ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున స్టేషన్లో ఇన్‌స్పెక్టరు తేటక్క ముందు ఒక కాగితం పెట్టాడు. పక్కనే మేనేజరు, కుర్చీలో. కిటికీలోంచి గొయ్యి పనుల మొదటి గంట వినిపించింది. నాలుగో గొయ్యి ఆరోజే మొదలుపెట్టాలి.

"చదువుతా విను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మృతుడు ముందురోజే పని మానేసినవాడు. అనుమతి లేకుండా గునపం తీసుకుని, దొంగతనంగా గోతిలో దిగగా, మట్టి విరిగిపడి, అక్కడికక్కడే ప్రాణం పోయింది. వేలిముద్ర వెయ్యి. ముగ్గురూ ఇంటికెళ్లొచ్చు."

"అక్కడికక్కడే కాదు."

"ఏంటి?"

"మధ్యాహ్నం గంట దాకా బతికున్నాడు. గొట్టాన్ని కొడుతూనే ఉన్నాడు."

"ఎవరు విన్నారు? ఆ బక్కోడేగా?" అన్నాడు మేనేజరు. "వాడు ముద్దాయి. వాడి మాట ఎవడు నమ్ముతాడు?"

తేటక్క గుమ్మం వైపు చూసింది. మరదలు నిలబడి ఉంది, ఆమె వెనక వసారాలో మనుషులు. ఇప్పుడు నోరు విప్పితే ఆ పిల్ల మళ్లీ జన్మలో వదినా అని పిలవదు. విప్పకపోతే ఆ కాగితమే నిజమవుతుంది, రేపు నాలుగో గోతిలో ఇంకొకడు కొడతాడు, ఇంకెవరో తమ తొట్టి కాచుకుంటూ ఊరుకుంటారు.

"నేను విన్నాను," అంది.

ఇన్‌స్పెక్టరు కలం తీశాడు.

"ఆ గొట్టం నా తొట్టి పక్కగా పోతుంది. పొద్దుటి నుంచీ కొట్టాడు. పంపులో రాయనుకున్నా. నా నీళ్లు కదులుతున్నాయని గోనెపట్ట మడిచి అడ్డం కుక్కాను. నా చేత్తోనే. నా తమ్ముడు పిలుస్తుంటే నేను నోరు నొక్కాను. రాయండి. నా పేరు మీద రాయండి."

మరదలు గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె ముఖంలో ఏముందో తేటక్క చూడలేకపోయింది.

"ఆ గోనెపట్ట అందించింది నేనే," అంది పక్క తొట్టి పిల్ల, వసారాలోంచి. "నేనూ విన్నా."

"మేం ఐదుగురం విన్నాం," అన్నాడు ఒక తవ్వేవాడు. "యంత్రానికి దారి ఇచ్చింది మేమే."

"కాలవ దగ్గర గుడ్డలు పిండుతున్నాం. మాకూ వినపడింది."

ఇన్‌స్పెక్టరు చేతిలో కలం ఆగిపోయింది. "ఇంతమంది విన్నారా? విని ఊరుకున్నారా?"

"ఊరుకున్నాం సార్," అంది ముగ్గురు పిల్లల తల్లి. "అది కూడా రాయండి. గునపాలు ఎవరిచ్చారో, మట్టి ఎవరు నెట్టించారో, ఆ పక్కనే రాయండి."

మేనేజరు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి పోయాడు. రెండో గంట కొట్టారు. గోతుల వైపు పోయే రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. వసారా దాటి, గేటు దాటి, మందుల దుకాణం దాకా వరస నిలబడి ఉంది.

మరదలు గుమ్మం వదిలింది. గదిలోకి వచ్చి, మేనేజరు లేచిన కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది. తేటక్క పక్కన కూర్చుంది గాని ఆమెను తాకలేదు. బల్ల మీది కాగితాన్ని రెండుగా చించి పక్కన పెట్టింది.

"కొత్త కాగితం తియ్యండి సార్," అంది. "మా వదిన మొదట్నించీ చెబుతుంది. నేను కూడా వినాలి. తర్వాత బయటున్నవాళ్లని ఒక్కొక్కళ్లనే పిలవండి."